ఛానల్‌ను నమ్ముకోకుండా ఒలింపిక్స్ చూడటం ఎలా

ఆ మధ్య ఒక పెద్ద అంతర్జాతీయ పోటీలో మన ఆర్చర్ మ్యాచ్ షూటాఫ్ దాకా వెళ్లింది. స్కోరు ఐదు-ఐదు. ఇక చెరో బాణం, అంతే. ఎవరిది మధ్యకు దగ్గరగా దిగితే వాళ్లు గెలిచినట్టు. నేను కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే సిమెంటు ప్రకటన వచ్చింది. దాని వెనకే ఇంకో సిమెంటు ప్రకటన. మళ్లీ ఆట తెర మీదకు వచ్చేసరికి మనవాడు విల్లు విప్పి సంచిలో సర్దుకుంటున్నాడు. గెలిచాడో ఓడాడో అతని భుజాలు చూసి ఊహించుకోవాల్సి వచ్చింది.

ఆర్చరీ వ్యక్తిగత మ్యాచ్‌లో ఒక్కో బాణానికి ఇచ్చే టైము 20 సెకన్లు. అంటే షూటాఫ్ మొత్తం నిమిషం లోపు తేలిపోతుంది. అమ్మాయిల వంద మీటర్ల హర్డిల్స్ అయితే 13 సెకన్లు. వెయిట్‌లిఫ్టర్‌కు పిలుపొచ్చాక ఉండేది మామూలుగా ఒక నిమిషం. క్రికెట్‌లో ఓవర్ మొదటి బంతిని ప్రకటన మింగేసినా ఇంకా ఐదు బంతులుంటాయి. ఈ ఆటల్లో అలా ఉండవు.

ఇరవై ఏళ్లు టీవీ మీద అరిచాక నాకు తెలిసొచ్చింది ఒకటే. మనవాళ్ల ఆట ఎప్పుడో తెలుసుకోవడానికి టీవీ పెట్టకూడదు. ఎప్పుడో తెలుసుకున్నాక టీవీ పెట్టాలి. ఇది చెప్పినంత తేలిక కాదు కాబట్టి, ఏ పని తర్వాత ఏ పని చేయాలో రాస్తున్నాను. ఎక్కువగా ఒలింపిక్స్ గురించే చెబుతాను గానీ ఏషియన్ గేమ్స్‌కీ, ప్రపంచ అథ్లెటిక్స్‌కీ ఇదే పద్ధతి.

ముందు, తిట్టాల్సింది ఎవరినో తేల్చుకోండి

తెర మీద కనిపించేదంతా ఒకరి పని కాదు. ఒలింపిక్స్‌లో కెమెరాలు పెట్టి ఆటను చిత్రీకరించేది మన ఛానల్ కాదు. ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్ అనే సంస్థ ఉంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2001లో పెట్టుకున్నది, ఆఫీసు మాడ్రిడ్‌లో. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వాళ్లు తయారుచేసింది 11,000 గంటలకు పైగా. బ్రెజిల్‌కు వెళ్లేదీ, జపాన్‌కు వెళ్లేదీ, మనకొచ్చేదీ అదే బొమ్మ. దాన్ని వరల్డ్ ఫీడ్ అంటారు. అది ఏ దేశం వైపూ మొగ్గకూడదు. అందుకే మన అమ్మాయి ఎనిమిదో లేన్‌లో పరిగెడుతుంటే కెమెరా ఆమె వెంట పడదు, ముందున్న వాళ్ల వెంటే పోతుంది. దానికి మన ఛానల్‌ను తిట్టి లాభం లేదు.

మన దేశంలో హక్కులు కొన్నవాళ్ల చేతిలో ఉండేవి వేరే. ఏ వేదిక ఫీడ్ చూపించాలి, అక్కణ్నుంచి ఎప్పుడు ఇంకో వేదికకు మారాలి, ప్రకటన ఎక్కడ వేయాలి, కామెంటరీకి ఎవరిని కూర్చోబెట్టాలి, స్టూడియో కబుర్లు ఎంతసేపు సాగాలి. మన కోపంలో ముప్పాతిక వంతు ఈ పద్దులోకే వస్తుంది.

ఈ తేడా ఎందుకు తెలియాలంటే, ఛానల్ వదిలేసి వెళ్లిన ఆట ఆగిపోదు. దాని ఫీడ్ ఇంకా వస్తూనే ఉంటుంది. హక్కులున్న సంస్థ యాప్‌లో చాలాసార్లు వేదికల వారీగా దొరుకుతుంది కూడా. టీవీ ఛానల్ అనేది ఎవరో ఏరి వడ్డించిన విస్తరి. పక్కనే వంటగది తెరిచే ఉంటుంది.

ఇంకో మాట. 2016 రియో ఒలింపిక్స్ హక్కులు మన దగ్గర స్టార్‌వి. టోక్యోకి సోనీవి. పారిస్‌కి వయాకామ్18వి. ప్రతిసారీ చేతులు మారాయి. పోయినసారి చూసిన ఛానలే కదా అని ఈసారీ దానికే ముందుగా డబ్బు కట్టేసి కూర్చున్నవాళ్లున్నారు. వాళ్లలో నేనొకణ్ణి. పోటీలకు నెల ముందు హక్కులు ఎవరివో చూసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.

మీ పట్టిక మీరే రాసుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. ఒక పూట పడుతుంది. ఒక పాత నోటుబుక్కు చాలు.

పారిస్‌లో పతకాలున్న అంశాలు 329. మనవాళ్లు 117 మంది వెళ్లారు. ఒకే రోజు ఒకే గంటలో షూటింగ్ రేంజ్‌లో ఒకరు, బ్యాడ్మింటన్ కోర్టులో ఒకరు, బాక్సింగ్ రింగులో ఒకరు ఉంటారు. అందరినీ చూడాలనుకుంటే ఎవరినీ చూడలేరు. కాబట్టి ఆరేడుగురిని ఎంచుకోండి. నా లెక్క సులువు: ముందు మనవైపు వాళ్లు. బ్యాడ్మింటన్‌లో సింధు, అమలాపురం సాత్విక్, బాక్సింగ్‌లో నిజామాబాద్ నిఖత్, హర్డిల్స్‌లో విశాఖ జ్యోతి యర్రాజి, ఆర్చరీలో మా బెజవాడ ధీరజ్, టేబుల్ టెన్నిస్ శ్రీజ. తర్వాత జావెలిన్ నీరజ్ చోప్రా. ఆపైన టైము మిగిలితే హాకీ. మీ లెక్క మీది. కానీ ఏదో ఒక లెక్క ఉండాలి.

ప్రతి పేరు పక్కన అంశం, రౌండు, మన టైము, మన తేదీ, ఎక్కడ చూస్తారో రాయండి. షెడ్యూలును ఒలింపిక్స్ సొంత వెబ్‌సైటు నుంచో, ఆ ఆట అంతర్జాతీయ సమాఖ్య వెబ్‌సైటు నుంచో తీసుకోండి. ఛానల్ ప్రోమోలో ‘ఈ రాత్రి’ అని పెద్ద అక్షరాలతో వస్తుందే, దాన్ని నమ్మొద్దు. వాళ్లకు రాత్రి అంటే ఎనిమిది నుంచి రెండు దాకా.

పట్టిక రాసేటప్పుడు జనం పడే గోతులు కొన్నున్నాయి. అన్నిట్లోనూ నేను పడ్డాను.

మొదటిది తేదీ. టైము మార్చుకోవడం అందరికీ వచ్చు, తేదీ మార్చుకోవడం మర్చిపోతారు. పారిస్‌కు వేసవిలో మన టైము మూడున్నర గంటలు ముందు. అక్కడ రాత్రి 8.25కి మొదలైన జావెలిన్ ఫైనల్ మనకు 11.55కి వచ్చింది, అంటే ఐదు నిమిషాల తేడాతో తేదీ నిలబడింది. అదే అక్కడ రాత్రి తొమ్మిదింటి పరుగైతే మనకు మర్నాటి లెక్క. ‘9వ తేదీ రాత్రి పన్నెండున్నర’ అని రాసుకుంటే ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా అర్థం చేసుకుంటారు. నేనైతే ‘గురువారం రాత్రి పడుకోకుండా’ అనో, ‘శుక్రవారం లేచాక’ అనో రాసుకుంటాను. మొరటుగా ఉంటుంది గానీ ఎప్పుడూ తప్పలేదు.

రెండోది, అసలు పోటీనే చూద్దాం, క్వాలిఫైయింగ్ ఎందుకులే అనుకోవడం. టోక్యోలో నీరజ్ క్వాలిఫైయింగ్‌లో మొదటి త్రోనే 86.65 మీటర్లు విసిరాడు. పారిస్‌లో మొదటి త్రో 89.34. రెండుసార్లూ ఒక్క త్రోతో ఫైనల్‌కు అర్హత వచ్చేసింది, ఇక అతనికి అక్కడ పనిలేదు. టీ పెట్టుకుని వచ్చి చూద్దామనుకున్నవాళ్లకు ఖాళీ రన్‌వే కనిపించి ఉంటుంది. చాంపియన్ ఆడే క్వాలిఫైయింగ్‌కు పది నిమిషాల ముందే కూర్చోవాలి.

మూడోది పెద్ద గొయ్యి. ఓడిపోయారు కదా అని పేరు కొట్టేయడం. 2016 రియోలో సాక్షి మలిక్ క్వార్టర్ ఫైనల్లో ఓడిపోయింది. మామూలు ఆటలో అయితే కథ కంచికే. కానీ కుస్తీలో నిన్ను ఓడించినవాళ్లు ఫైనల్ చేరితే నీకు మళ్లీ తలుపు తెరుచుకుంటుంది. రెపెచాజ్ అంటారు. సాక్షిని ఓడించిన రష్యా అమ్మాయి ఫైనల్‌కు వెళ్లింది, సాక్షి తిరిగి వచ్చింది, కాంస్యం బౌట్‌లో 0-5 వెనకబడి 8-5తో గెలిచింది. అప్పటికి మన దగ్గర తెల్లవారుజాము, రాఖీ పండుగ రోజు. ఓడిపోయిందని టీవీ కట్టేసి పడుకున్న దేశం పతకంతో నిద్రలేచింది. నేనూ పడుకున్నవాణ్ణే.

పారిస్‌లో ఈ రెపెచాజ్ పరుగుపందేల్లోకి కూడా వచ్చింది. 200 నుంచి 1500 మీటర్ల దాకా, హర్డిల్స్‌తో సహా. జ్యోతి యర్రాజి తొలి రౌండు హీట్‌లో 13.16 సెకన్లతో ఏడో స్థానంలో వచ్చినా, మర్నాడు రెపెచాజ్‌లో ఇంకోసారి పరిగెత్తింది. ముందుకు వెళ్లలేకపోయింది, కానీ ఆ రెండో పరుగు ఉందని తెలిసి చూసినవాళ్లు ఎంతమంది? కాబట్టి ఒక పేరు కొట్టేసేముందు ఆ ఆటలో ఓడినవాళ్లకు ఇంకో దారి ఉందేమో చూడండి. బాక్సింగ్‌లో సెమీఫైనల్లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇచ్చేస్తారు, మళ్లీ ఆడేది ఉండదు. ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో మాత్రం కాంస్యానికి విడిగా ఆడాలి. టోక్యోలో సింధు సెమీస్ ఓడిన మర్నాడే, 2021 ఆగస్టు 1న, హే బింగ్‌జావోను 21-13, 21-15తో ఓడించి పతకం తెచ్చుకుంది.

నాలుగోది, రాసుకున్నది మారిపోవడం. పారిస్‌లో సాత్విక్, చిరాగ్ జోడీకి గ్రూపులో ఒక మ్యాచ్ జరగనే లేదు. జర్మనీ జోడీలో ఒకరికి గాయమై తప్పుకున్నారు. పట్టిక చూసుకుని సెలవు పెట్టుకున్నవాళ్లు ఏం చేస్తారు? ఏమీ లేదు, పొద్దున్నే ఒకసారి ఆ రోజు షెడ్యూలును సరిచూసుకోవడం తప్ప. ఆ అలవాటు చేసుకోండి.

మామూలు బ్యాడ్మింటన్ టోర్నీలు చూసేవాళ్లకు ఇంకో చిక్కుంది. కోర్టు మీద మొదటి మ్యాచ్‌కే టైము ఇస్తారు, మిగతావన్నీ ‘దాని తర్వాత’ అని ఉంటాయి. నాలుగో మ్యాచ్ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. మ్యాచ్‌కు సగటున ముప్పావు గంట వేసుకుని, రెండో మ్యాచ్ నడుస్తున్నప్పటి నుంచి లైవ్ స్కోరు చూస్తూ ఉండండి. పైగా తొలి రౌండ్లలో ఏ కోర్టులో పడ్డారన్నది ముఖ్యం. అన్ని కోర్టుల్లోనూ ఒకే రకం కెమెరాలు ఉండవు.

దారి చూసుకోండి

ఇక ఆ ఆట మీ ఇంటికి ఏ దారిన వస్తుందో చూడాలి.

2007లో ఒక చట్టం వచ్చింది. జాతీయ ప్రాధాన్యం ఉన్న పోటీలుగా ప్రభుత్వం గుర్తించినవాటి ప్రత్యక్ష ప్రసారాన్ని, హక్కులు ఎవరు కొన్నా సరే, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతితో పంచుకోవాలి. అందుకే పెద్ద పోటీల్లో డీడీ స్పోర్ట్స్‌లో కూడా ఆట వస్తుంది. అయితే మెలిక ఉంది. ఆ సిగ్నల్ దూరదర్శన్ భూతల ప్రసారాలకు, దాని ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్‌కు మాత్రమేనని, ప్రైవేటు కేబుల్ ఆపరేటర్లకు కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఏమవుతుందంటే, మీ కేబుల్‌లో డీడీ స్పోర్ట్స్ ఉంటుంది, కానీ పల్లెలో ఫ్రీ డిష్ పెట్టుకున్న మీ పెదనాన్న చూస్తున్న మ్యాచ్ మీ తెర మీద రాకపోవచ్చు. పెట్టె చెడిపోయిందనుకుని కేబుల్ అబ్బాయితో గొడవ పడొద్దు. అతని తప్పేం లేదు.

ఫ్రీ డిష్‌కు నెలవారీ అద్దె ఉండదు. గొడుగు, పెట్టె ఒకసారి కొంటే సరి. పెద్ద పోటీలకు రెండో దారిగా మేడ మీద ఒకటి పెట్టుకోవడం తెలివైన పనే, ముఖ్యంగా నెట్ సరిగా రాని చోట.

కేబుల్, డీటీహెచ్ ఉన్నవాళ్లు మొత్తం ప్యాకేజీ మార్చక్కర్లేదు. 2019 నుంచి ఛానల్‌ను విడిగా ఎంచుకోవచ్చు. ఆ నెలకు కావలసిన స్పోర్ట్స్ ఛానల్ చేర్చుకుని, అయిపోగానే తీసేయండి. తీసేసే తేదీ కూడా అదే నోటుబుక్కులో రాయండి. లేకపోతే ఏడాదంతా కడుతూనే ఉంటారు.

యాప్ వాడేవాళ్లు ముందురోజే లాగిన్ అయి చూసుకోవాలి. ఓటీపీ రాదు, పాస్‌వర్డ్ గుర్తుండదు, మేనల్లుడు వాళ్ల ఊళ్లో అదే అకౌంట్‌తో సినిమా చూస్తుంటాడు. ఇవన్నీ ఫైనల్ రాత్రే బయటపడతాయి. టెలిగ్రామ్‌లో ఎవరో పంపే లింకుల జోలికి మాత్రం పోకండి. అది దొంగ ప్రసారం, పైగా నొక్కినచోటల్లా ఏదో ఒకటి ఫోన్లోకి దిగుతుంది.

ఇంట్లో వాళ్లను ముందే కలుపుకోండి

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. 2016 ఆగస్టు 19, సింధు ఫైనల్. మా బెజవాడలో అప్పుడు కృష్ణా పుష్కరాలు. ఇంటి నిండా స్నానాలకొచ్చిన చుట్టాలు. పైగా శ్రావణ శుక్రవారం. సాయంత్రం అయ్యేసరికి హాల్లో చాపల మీద పన్నెండు మంది, రిమోటు మా పెద్దమ్మ చేతిలో, ఆవిడ సీరియల్ టైము దగ్గర పడుతోంది.

అడిగితే ఇవ్వదు. అందుకని ఆట గురించి చెప్పడం మొదలుపెట్టాను. ‘ఇరవై ఒకటికి ముందు ఎవరెళ్తే వాళ్లదే గేమ్ పెద్దమ్మా. మూడు గేముల్లో రెండు గెలవాలి. అంతే.’ మొదటి గేమ్ సింధు 21-19తో గెలిచింది. ‘అయిపోయిందా, గెలిచేసిందా?’ అంది. ‘ఇంకోటి గెలవాలి.’ రెండోది 12-21 పోయింది. అప్పటికి సీరియల్ మొదలై పావుగంట అయింది, ఆవిడ గమనించలేదు. మూడో గేమ్‌లో స్పెయిన్ ప్రత్యర్థి కరోలినా మారిన్ షటిల్ మార్చమని అంపైర్‌ను అడిగినప్పుడల్లా పెద్దమ్మ ‘మళ్లీ మొదలెట్టింది’ అని విసుక్కుంది. 15-21తో సింధుకు వెండి పతకం వచ్చాక కూడా రిమోటు ఒళ్లోనే పెట్టుకుని బహుమతులు ఇచ్చేదాకా చూసింది.

కాబట్టి ఫైనల్ రోజున రిమోటు కోసం పోట్లాడకండి. ముందురోజు భోజనాల దగ్గర ఆట రూలు రెండు వాక్యాల్లో చెప్పి పెట్టండి. రూలు తెలిసిన మనిషి ఛానల్ మార్చడు.

ఆట నడుస్తున్నప్పుడు

కామెంటరీ విసిగిస్తే మొదట భాష మార్చి చూడండి. రిమోటులో ఆడియో బటన్ ఉంటుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ నొక్కి ఉండరు. యాప్‌లో కామెంటరీ లేని ఫీడ్ దొరికితే అంతకంటే భాగ్యం లేదు. షటిల్ రాకెట్‌కు తగిలే చప్పుడు, షూ కింద కోర్టు కీచుమనడం, కోచ్ కేక, ఇవన్నీ వినిపిస్తాయి. మనవాడు ఆడుతుంటే అతని చిన్నప్పటి కష్టాల గురించి ఏడోసారి వినాల్సిన పని తప్పుతుంది.

అయితే కామెంటరీ తీసేస్తే తెర మీది గుర్తులు మీరే చదువుకోవాలి. పెద్ద కష్టం కాదు. అథ్లెటిక్స్‌లో పేరు పక్కన పెద్ద అక్షరం క్యూ ఉంటే స్థానం బట్టి నేరుగా తర్వాతి రౌండుకు వెళ్లినట్టు, చిన్న అక్షరం క్యూ ఉంటే టైము బట్టి వెళ్లినట్టు. ఎన్ఆర్ అంటే జాతీయ రికార్డు, పీబీ అంటే ఆ మనిషి జీవితంలోనే మేటి ప్రదర్శన, ఎస్‌బీ అంటే ఆ ఏడాదిలో మేటిది. డీఎన్ఎస్ అంటే అసలు బరిలో దిగలేదు, డీక్యూ అంటే అనర్హత. మనవాళ్లు ఏడో స్థానంలో వచ్చారని మొహం ముడుచుకునే ముందు పక్కన పీబీ ఉందేమో చూడండి. అది ఉంటే ఆ మనిషి ఆ రోజు తన పని తాను చేసినట్టే.

మూలన గాలి వేగం కూడా వేస్తారు. చిన్న పరుగుల్లో వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2.0 మీటర్లు దాటితే రికార్డుగా లెక్కించరు. 2022లో కోజికోడ్‌లో జ్యోతి 13.09 సెకన్లలో పరిగెత్తింది. జాతీయ రికార్డు కంటే ఎంతో మెరుగు. గాలి 2.1. ఆ పాయింటు ఒకటితో రికార్డు పోయింది. తర్వాతి నెల సైప్రస్‌లో పరిగెత్తి, ఇరవై ఏళ్ల పాత రికార్డును సక్రమంగా బద్దలుకొట్టింది. ఆ మూలనున్న చిన్న అంకె చూడటం నేను అప్పటి నుంచే మొదలుపెట్టాను.

ఫోన్ సంగతి. నెట్ ద్వారా వచ్చే ప్రసారం డిష్ కంటే వెనకబడి ఉంటుంది, ఒక్కోసారి అర నిమిషం దాకా. మీరు యాప్‌లో చూస్తుంటే పక్కింటివాళ్లు ముందే కేకేస్తారు, వాట్సాప్ గ్రూపులో ముందే బాణసంచా బొమ్మలు పడతాయి. ఆ గంటసేపు నోటిఫికేషన్లు ఆపేయండి. కిటికీ కూడా మూసుకోండి.

ఛానల్ మధ్యలో వదిలేసి వెళ్లినప్పుడు

వెళ్తుంది. ఎంత ఏర్పాటు చేసుకున్నా వెళ్తుంది. అప్పుడు చేయాల్సింది: మొదట యాప్‌లో ఆ వేదిక ఫీడ్ వెతకండి. లేకపోతే అధికారిక లైవ్ ఫలితాల పేజీ తెరవండి. బొమ్మ ఉండదు, అంకెలే. కానీ స్టూడియోలో నలుగురు మాట్లాడుకోవడం చూసేకంటే కదులుతున్న అంకెలు చూడటం నయం. జావెలిన్‌లో ఒక్కో రౌండు ముగిసేసరికి ఎవరు ఎంత విసిరారో వరసగా వస్తుంది. మొదటి మూడు త్రోలయ్యాక వెనకబడ్డవాళ్లను తప్పించి ముందున్నవాళ్లకే మిగతావి ఇస్తారని తెలిస్తే ఆ అంకెలే సినిమా చూపిస్తాయి.

కింద స్క్రోలింగ్‌లో వచ్చినదాన్ని చూసి సంబరం గానీ ఏడుపు గానీ మొదలెట్టొద్దు. 2023 అక్టోబర్ 1, హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్, వంద మీటర్ల హర్డిల్స్ ఫైనల్. చైనా అమ్మాయి వూ యన్ని తుపాకీ మోగకముందే కదిలింది. ఆమెతో పాటు జ్యోతికి కూడా అనర్హత అన్నారు. జ్యోతి ఒప్పుకోలేదు, స్క్రీన్ చూపించమని నిలబడింది. చివరికి ఇద్దరినీ పరిగెత్తనిచ్చారు. జ్యోతి 12.91తో మూడో స్థానం, కాంస్యం అన్నారు. ఆ తర్వాత వూ యన్ని అనర్హత ఖాయమై, జ్యోతికి వెండి వచ్చింది. ఒక్క రాత్రిలో ఒకే మనిషి గురించి మూడు వార్తలు, మూడూ అప్పటికి నిజమే. ఫలితాల పేజీలో అధికారికం అనే మాట కనిపించేదాకా ఆగండి.

విదేశాల్లో ఉన్నవాళ్లకు

అమెరికాలో ఉన్న మా తమ్ముడి బాధ వేరే రకం. అక్కడ ఒలింపిక్స్ హక్కులు ఎన్‌బీసీ ఛానల్‌వి. 2000 సిడ్నీలో, కరణం మల్లీశ్వరి 240 కిలోలెత్తి మన ఆడవాళ్లలో తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన ఆ ఒలింపిక్స్‌లో, ఎన్‌బీసీ రికార్డు చేసి సాయంత్రాలు చూపించింది. ఇప్పుడు వాళ్ల పీకాక్ యాప్‌లో పోటీలన్నీ లైవ్‌గా వస్తాయి. కానీ ప్రధాన ఛానల్‌లో సింధు కోసం చూస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. మనిషి పేరుతో కాదు, కోర్టు పేరుతో, సెషన్ టైముతో వెతకాలి. బ్యాడ్మింటన్ కోర్టు 1, ఉదయం సెషన్, ఇలా. మన ఇండియా యాప్ అక్కడ తెరుచుకోదు, ఎందుకంటే హక్కులు దేశాల వారీగా అమ్ముతారు.

ఒలింపిక్స్ అయ్యాక టీవీ కట్టేయకండి

పారిస్ ఒలింపిక్స్‌లో మనకు వచ్చిన పతకాలు 6. ఆ వెంటనే అదే ఊళ్లో జరిగిన పారాలింపిక్స్‌లో 29. హడావుడి చూస్తే లెక్క తలకిందులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవన్‌జీ 2024 సెప్టెంబర్ 3న 400 మీటర్ల టీ20 విభాగంలో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07తో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. టీ20 అంటే క్రికెట్ కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం. పారా పోటీల్లో ఈ విభాగాల పేర్లు తెలియకపోతే షెడ్యూలు అర్థం కాదు, కాబట్టి పట్టికలో పేరు పక్కన విభాగం కూడా రాయండి.

ఫిర్యాదు చేయాలనిపిస్తే

చేయండి. కానీ ‘మీ ఛానల్ దండగ’ అని రాస్తే ఎవరూ చదవరు. తేదీ, టైము నిమిషాలతో సహా, ఏ ఆట నడుస్తుండగా ఏం వేశారు, మీకేం కావాలి, అంతే రాయండి. ప్రకటనలు గంటకు 12 నిమిషాలు దాటకూడదని కేబుల్ టీవీ నిబంధనల్లో ఉంది. దాటినట్టు అనిపిస్తే గడియారం పెట్టి లెక్కేసి ఆ లెక్క జత చేయండి. ఆ సిమెంటు ప్రకటనల గురించి నేను ఇలాగే రాశాను. జవాబు రాలేదు. అయినా రాసినప్పుడు కొంచెం బరువు దిగింది.

2028కి ఇప్పుడే రాసిపెట్టుకోవాల్సినవి

లాస్ ఏంజెలెస్‌లో ప్రారంభోత్సవం 2028 జూలై 14న. మన టైము కావాలంటే అక్కడి టైముకు పన్నెండున్నర గంటలు కలపాలి. అక్కడ ఉదయం తొమ్మిది మనకు అదే రోజు రాత్రి తొమ్మిదిన్నర. అక్కడ సాయంత్రం ఏడు మనకు మర్నాడు ఉదయం ఏడున్నర, అంటే సాయంత్రం ఫైనళ్లు మనకు కాఫీ వేళకు వస్తాయి. క్రికెట్ ప్రారంభోత్సవం కంటే ముందే, జూలై 12నే మొదలవుతుంది. ఎప్పుడూ రెండో వారంలో వచ్చే అథ్లెటిక్స్ ఈసారి మొదటి వారంలోకి, ఈత రెండో వారంలోకి జరిగాయి. పాత అలవాటుతో జావెలిన్ రెండో వారంలోనే కదా అని సెలవు పెట్టుకుంటే, మీరు ఇంట్లో కూర్చునేసరికి అది అయిపోయి ఉండొచ్చు. ఆఫీసులో సెలవు చీటీ రాసేముందు నోటుబుక్కు తెరవండి.